చీరల గ్రూపులోంచి ఆడవాళ్ల నంబర్లు బయటికి పోయాయి, గ్రూపు మూసేయాలా?

పేట చీరలు, మహబూబ్‌నగర్:

నమస్తే అందరికీ. కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నేను ఇంట్లోనే నారాయణపేట చీరలు అమ్ముతా. కాటన్‌వి ఎక్కువ, పట్టువి ఆర్డరు మీద. దుకాణం లేదు, బోర్డు లేదు, ఉన్నదల్లా ముందు గదిలో రెండు బీరువాలు, ఒక ఫోను. 2021లో మా ఆడబిడ్డ, ఆమె స్కూల్లో టీచర్లు, మా గల్లీ వాళ్లు అంతా కలిపి ముప్పై మందితో వాట్సాప్ గ్రూపు పెట్టాం. వారానికోసారి బస్సెక్కి నేసేవాళ్ల ఇంటికి పోయి తెచ్చుకోవడం, మంచం మీద పరిచి ఫోటో తీసి పెట్టడం, "ఇది నాకు" అని ముందు ఎవరు రాస్తే వాళ్లకి ఇవ్వడం, అంతే వ్యాపారం. అట్లా అట్లా 640 మంది అయ్యారు. పది చీరలు పోతే ఏడు గ్రూపులోనే పోతాయి.

పోయిన ఏడాది ఇన్‌స్టాలో పేజీ తెరిచి, గ్రూపు లింకు అక్కడే పెట్టేశా. ఎవరు పడితే వాళ్లు చేరొచ్చని తెలుసు, చేరితే మంచిదే కదా అనుకున్నా, గిరాకీ వస్తుంటే తలుపు ఎవరు మూసుకుంటారు. శనివారం సాయంత్రం ఫేస్‌బుక్‌లో లైవ్ కూడా మొదలుపెట్టా.

సంక్రాంతికి వారం ముందు ఒక అక్క ఫోన్ చేసి "చీర ఎప్పుడొస్తుందమ్మా, పైసలు కట్టి మూడు రోజులైంది" అన్నది. నాకు ఒక్క పైసా రాలేదు. ఎవడో నా డీపీ ఫోటోనే పెట్టుకుని, కొత్త నంబరు నుంచి "మీరు లైవ్‌లో అడిగిన ఆకుపచ్చ చీర పక్కన పెట్టాం, పండుగ ఆఫరు, ఇప్పుడే కడితే 1,850" అని క్యూఆర్ పంపాడట. ఇంకొకామె 2,400 కట్టింది. ఆమె ఏ చీర అడిగిందో వాడికెట్లా తెలుసని తల పట్టుకుని కూర్చుంటే, మా అబ్బాయి లైవ్ తెరిచి కింద కామెంట్లు చూపించాడు. చీర నంబరు, ఫోన్ నంబరు, ఒకామె అయితే ఇంటి నంబరుతో సహా రాసింది. అట్లా రాయమని ప్రతి లైవ్‌లో చెప్పింది నేనే.

ఇది ఒకటైతే, గ్రూపులో ఉన్న ఇంకొక అమ్మాయికి రాత్రి పదకొండు దాటాక ఎవడో "హాయ్, బాగున్నారా" అని మెసేజీలు. వాళ్లాయన నాకు ఫోన్ చేసి "మీ చీరల గ్రూపులో చేరకముందు మా ఇంట్లో ఈ గోల లేదు" అన్నాడు. ఏం జవాబు చెప్పాలి?

పైసలు పోయిన ఇద్దరికీ చీరలు ఊరికే పంపించేశా, నా పేరు మీద పోయినవి కదా. మా అత్తమ్మ మాత్రం "ఊరందరినీ ఇంట్లోకి పిలిచి, చెంబు పోయిందని ఏడిస్తే ఎట్లా" అని ఒకటే మాట.

ఇంతలో హైదరాబాదు నుంచి ఒక డిజిటల్ మార్కెటింగ్ అబ్బాయి, మీ కస్టమర్ల నంబర్లన్నీ ఎక్సెల్‌లో ఇవ్వండి మేడం, వాళ్లకీ వాళ్లలాంటి వేల మందికీ యాడ్ చూపిస్తా అంటున్నాడు. ఇప్పుడు నంబర్లు అన్న మాట వింటేనే టెన్షన్ వస్తుంది. ఇవ్వొచ్చా? గ్రూపు మూసేయాలా? మూస్తే ఎట్లా అమ్ముకోవాలి?

మిర్యాలగూడ కిరాణం:

అక్కా, మిగతాది తర్వాత చదువు, ముందు గ్రూపు సెట్టింగుల్లోకి పోయి లింకును రీసెట్ చేయి. పాత లింకు చచ్చిపోతుంది. కొత్తవాళ్లు అడ్మిన్ ఒప్పుకుంటేనే చేరేటట్టు పెట్టు. లోపల ఉన్న 640 మందిలో ఎవరో తెలియని నంబర్లు ఎన్నున్నాయో చూసి తీసేయి, ఒక రాత్రి కూర్చుంటే అయిపోతుంది.

పైసలు పోయినవాళ్లు 1930కి ఫోన్ చేశారా? సైబర్ మోసాలకు దేశమంతటికీ అదే నంబరు. ఎంత తొందరగా చెబితే అంత మంచిది, డబ్బు ఇంకో ఖాతాలోకి దాటిపోకముందే ఆపే వీలుంటుంది. చిన్న మొత్తమని ఊరుకోకండి, వాడు మీ ఇద్దరితోనే ఆగి ఉండడు.

ఇప్పుడు అసలు సంగతి. "అడ్మిన్లే మెసేజ్ పెట్టాలి" అనే సెట్టింగు పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. నోరు మూసినట్టేగానీ నంబర్లు దాచినట్టు కాదు, గ్రూపులో చేరిన ప్రతివాడికీ అందరి నంబర్లూ కనపడతాయి. 1,024 మంది దాకా చేర్చుకోవచ్చు కాబట్టి దాన్ని దుకాణంలాగా వాడుతున్నాం, అది మాత్రం ఒకరికొకరు తెలిసినవాళ్లు మాట్లాడుకునే చోటు.

నేను బియ్యం, నూనె రేట్లు బ్రాడ్‌కాస్ట్ జాబితాతో పంపుతా. ఎవరికి వాళ్లకి విడిగా వచ్చినట్టు ఉంటుంది, ఒకరి నంబరు ఇంకొకరికి తెలియదు. కాకపోతే జాబితాకి 256 మందే, పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ఇంతకన్నా పెద్దది కావాలంటే వాట్సాప్‌లోనే ఛానల్ పెట్టు. 2023 సెప్టెంబరులో మన దేశంలోకి వచ్చింది. అందులో ఫాలో అయ్యేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనపడవు, నీ నంబరూ వాళ్లకి కనపడదు, అందుకని ఆర్డరు నంబరు నువ్వే పోస్టులో రాయాలి. కమ్యూనిటీ అని ఇంకొకటుంది, దాని అనౌన్స్‌మెంట్ గ్రూపులో కూడా నంబర్లు దాస్తారు, కానీ మా వదినకి అది నేర్పేసరికి నాకు తల తిరిగింది. ఛానలే సులువు.

నల్లగొండ బత్తాయి:

ఎందుకింత పరేషాన్? జిరాక్సు సెంటర్లో ఆధార్ కాపీలు వదిలేసి వస్తాం, సిమ్‌కార్డు కొనేటప్పుడు, లాడ్జీలో, ఫైనాన్సు దుకాణంలో ఎక్కడ పడితే అక్కడ ఇస్తాం. మన నంబరు ఎప్పుడో ఊరంతా తిరిగొచ్చింది. రోజుకు నాకు నాలుగు లోన్ ఫోన్లు వస్తాయి, నేనేమన్నా చీరల గ్రూపులో ఉన్నానా? అమ్ముకో చెల్లె, ఇవన్నీ పట్టించుకుంటే వ్యాపారం చేయలేవు.

దేవరకొండ టీచరమ్మ:

బత్తాయి అన్నా, మీకు వచ్చేవి లోన్ ఫోన్లు. రాత్రి పదకొండింటికి "హాయ్" అని మీకు ఎవరూ పెట్టరు, పెట్టినా ఇంట్లో మిమ్మల్ని ఎవరూ అనుమానంగా చూడరు. ఒకే నంబరు మగవాళ్ల దగ్గర్నుంచి పోతే విసుగు, ఆడవాళ్ల దగ్గర్నుంచి పోతే ఇంట్లో పంచాయతీ. ఆ అమ్మాయి వాళ్లాయన చీరలావిడకి ఫోన్ చేశాడంటే, అంతకుముందు ఆ ఇంట్లో ఎంత గొడవ జరిగిందో ఆలోచించండి.

నేను సోషల్ చెబుతా, పిల్లలకి ఈ మాట చెప్పే చెబుతా: 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కేనని ఒక్క మాటగా తీర్పు ఇచ్చారు. ఊరంతా తిరిగినంత మాత్రాన అది నాది కాకుండా పోదు.

పేట చీరలు అక్కా, నేను మీలాంటి మూడు గ్రూపుల్లో ఉన్న గిరాకీని కాబట్టి అటువైపు నుంచి చెబుతా. రెండేళ్ల కింద ఒక చీర కొని, బాగుందని కట్టుకుని ఫోటో దిగి, అమ్మినావిడకి పంపా. ఆవిడ ఒక్కదానికే పంపా. ఆవిడ దాన్ని పేజీలో పెట్టి, పైసలు కట్టి యాడ్‌గా తిప్పింది. నాకెట్లా తెలిసిందంటే, తొమ్మిదో తరగతి పిల్లలు ఫోన్ తెచ్చి "టీచర్, మీరు మోడల్ అయ్యారా" అని చూపించారు. తీసేయమంటే "ఫ్రీ పబ్లిసిటీ కదా మేడం" అన్నది. పబ్లిసిటీ ఆవిడకి, స్టాఫ్ రూంలో జోకులు నాకు. ఆ తర్వాత ఆవిడ దగ్గర జేబు రుమాలు కూడా కొనలేదు, నాకు తెలిసిన ఆరుగురిని కొననివ్వలేదు. మీరు ఎవరి ఫోటో పెట్టినా అడిగి పెట్టండి, ఒకరికి పంపడానికి ఒప్పుకోవడం, యాడ్‌లో వాడటానికి ఒప్పుకోవడం రెండూ ఒకటి కాదు. అడిగితే సగం మంది సంతోషంగా సరే అంటారు, మా ఆడవాళ్లకి ఫోటోలంటే చేదా ఏమన్నా.

గ్రూపు మాత్రం మూసేయకండి అని నా మాట. ఆ ఛానల్లో ఏముంటుంది, మీరు చీర పెడతారు, మేము గుండె గుర్తు నొక్కుతాం. గ్రూపులో అయితే "ఈ అంచు మా అక్క పెళ్లిలో కట్టింది, ఉతికితే రంగు పోలేదు" అని ఎవరో ఒకరు రాస్తారు, అది చూసి కొంటాం. మీ ఫోటో చూసి కాదు.

యాడ్స్ తమ్ముడు, నాగర్‌కర్నూల్:

అక్కా, నేను చేసేది ఆ హైదరాబాదు అబ్బాయి పనే, కాబట్టి లోపలి సంగతి చెప్తా. ఎక్సెల్ ఇవ్వకు.

అతను చెప్పింది అబద్ధం కాదు. కస్టమ్ ఆడియన్స్, లుక్‌అలైక్ అంటారు. నీ జాబితా ఎక్కిస్తే, నంబర్లను నేరుగా పంపరు, హ్యాష్ అనే గజిబిజి అక్షరాలుగా మార్చి పంపుతారు. అటువైపు ఫేస్‌బుక్ వాళ్ల దగ్గరున్న నంబర్లనూ అట్లాగే మార్చి, ఏది దేనికి సరిపోతుందో చూస్తారు. అంటే నీ జాబితా నుంచి వాళ్లకి కొత్త నంబరేం దొరకదు, కానీ "ఫలానా ఆమె మహబూబ్‌నగర్‌లో ఒకరి దగ్గర పేట చీరలు కొంటుంది" అనే సంగతి అందుతుంది. తర్వాత ఆ ఆడవాళ్ల అలవాట్లు ఎట్లున్నాయో చూసి అలాంటివాళ్లని వెతికి యాడ్ చూపిస్తారు. పని చేస్తుంది, నేనే చాలామందికి చేశా.

అసలు భయం అక్కడ కాదు, ఆ ఎక్సెల్ ఫైలు అతని ల్యాప్‌టాప్‌లో ఉండిపోతుంది చూడు, అక్కడ. రేపు గద్వాల చీరలు అమ్మే ఇంకొకరు ఇదే అబ్బాయి దగ్గరికి వస్తే నీ 640 మంది అక్కడ పనికొస్తారు. మా ఫీల్డులో "డేటా ఉంది, కావాలా" అని అడిగేవాళ్లని వారానికి ఒకరిని చూస్తా.

జాబితా లేకుండా కూడా యాడ్ వేయొచ్చు. మహబూబ్‌నగర్ చుట్టూ పాతిక, ముప్పై కిలోమీటర్ల గిరి గీసి, ఆ లోపల ఉన్న ఆడవాళ్లకి, ఫలానా వయసు అని పెట్టు. యాడ్ నొక్కితే నేరుగా నీ వాట్సాప్ తెరుచుకునేలా పెట్టొచ్చు. అప్పుడు ఎవరు కావాలంటే వాళ్లే నీకు ముందు మెసేజ్ పెడతారు, నువ్వు ఎవరినీ ఎక్కడికీ లాగలేదు. రోజుకు 200తో వారం రోజులు వేసి చూడు, దానిపైన 18 శాతం జీఎస్టీ పడుతుంది, అది లెక్కేసుకో. పైసలు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించే బూస్ట్ బటన్ కనపడింది కదా అని ప్రతి పోస్టుకీ నొక్కకు, లైకులు వస్తాయి, చీరలు పోవు.

ఇంకొకటి. వాట్సాప్, ఇన్‌స్టా, ఫేస్‌బుక్ మూడు దుకాణాలైనా యజమాని ఒకరే. ఇన్‌స్టాని 2012లో, వాట్సాప్‌ని 2014లో ఫేస్‌బుక్ కొన్నది. మనం మనం పంపుకునే మెసేజ్‌లో ఏముందో వాట్సాప్‌కి తెలియదు, 2016 నుంచి ఆ తాళం ఉంది. కానీ మాట వేరు, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారు లాంటి మాట చుట్టూ ఉన్న సమాచారం వేరు. 2021లో వాట్సాప్, సమాచారాన్ని ఫేస్‌బుక్ వాళ్లతో పంచుకునే కొత్త పాలసీ తెచ్చి, ఒప్పుకోవాల్సిందే అన్నట్టు పెడితే, వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉందో చూసే కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో ఈ మూడింటి యజమాని మెటాకి 213 కోట్ల పైన జరిమానా వేసింది. తర్వాత అప్పీళ్లకి పోయింది.

మన దగ్గర చట్టం కూడా వచ్చింది, డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, 2023. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. సారం ఏమిటంటే, నంబరు ఎందుకు తీసుకుంటున్నావో చెప్పి, ఒప్పుకున్నాక తీసుకోవాలి, ఆ పనికే వాడాలి, వద్దంటే తీసేయాలి. జరిమానా గరిష్ఠం 250 కోట్లు అని ఎక్కడైనా చదివి నిద్ర పాడుచేసుకోకు అక్కా, అది రెండు బీరువాల వాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసిన అంకె కాదు. కానీ చీర పంపడానికి ఇచ్చిన నంబరు చీర పంపడానికే, యాడ్ కంపెనీకి ఇవ్వాలంటే మళ్లీ అడగాలి, ఈ ఒక్క ముక్క ఇప్పటి నుంచే పాటించు.

పుట్టపాక మగ్గం:

మీరంతా కొనేవాళ్ల గోప్యత గురించి మాట్లాడుతున్నారు, నేసేవాడిది ఒక్క మాట రాసి పోతా. మాది పాత నల్లగొండ జిల్లా పుట్టపాక. మేము నేసే తేలియా రుమాల్‌ గుడ్డకి 2020లో జీఐ గుర్తింపు, అంటే ఈ చోటి సరుకే అని చెప్పే ముద్ర, వచ్చింది. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి పట్టించి, ఆరబెట్టి, కట్టి, రంగులేసి అప్పుడు మగ్గమెక్కించాలి. ఒక డిజైను కుదరడానికి నెలలు పడుతుంది. దాన్ని అమ్మేవాళ్లు పొద్దున ఇన్‌స్టాలో మొత్తం పరిచి, దగ్గరగా తీసి పెడతారు, కొద్ది రోజులకే అదే డిజైను గుడ్డమీద ప్రింటు కొట్టి 600కి అమ్ముతుంటే మేమే చూశాం. కొన్ని రకాలు చేనేతవాళ్లే నేయాలని 1985లో చట్టం చేశారు, ప్రింటు కొట్టేవాడి దాకా అది పోయే సందర్భం నేనైతే చూడలేదు.

మా కుర్రాడు ఒక ఉపాయం చేశాడు. చీర మొత్తం పెట్టడు. అంచు ఒక మూల, మగ్గం మీద నేస్తున్నది, రంగు అంటకుండా నూలుకి చిటికి ముడులు కట్టే చేతులు, ఇట్లాంటివి వీడియో తీసి పెడతాడు. కావాలన్నవాళ్లకి పూర్తి ఫోటో విడిగా పంపుతాడు. చేతులు పనిచేస్తున్న వీడియో ప్రింటువాడు పెట్టలేడు కదా. ఆ వీడియోలకే ఎక్కువమంది అడుగుతున్నారు. మీరు కూడా నేసే ఇంటికి పోయినప్పుడు ఒకసారి తీసి చూడండి చెల్లె, వాళ్లని అడిగి తీయండి.

మిర్యాలగూడ కిరాణం:

ఒకటి మర్చిపోయా. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు మా దగ్గర పచ్చళ్లమ్మే ఒకామెకి రాత్రికి రాత్రి ఫాలోవర్లంతా పోయారు. అప్పటిదాకా ఎవరి నంబరూ రాసిపెట్టుకోలేదు. కాబట్టి నంబర్లంటే భయమేసి అన్నీ చెరిపేయకు అక్కా. నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టు. ఉద్దెర ఖాతా పుస్తకం గల్లా మీద తెరిచిపెట్టి పోతామా, ఇదీ అంతే.

నల్లగొండ బత్తాయి:

టీచరమ్మ చెప్పింది నిజమే, ఆ కోణం నాకు తట్టలేదు. మా ఇంట్లో అడిగితే ఆమె కూడా అదే అన్నది, అట్లాంటి మెసేజీలు రెండు వచ్చాయట, నాకు చెప్పలేదట. ఎందుకు చెప్పలేదని అడగబోయి ఆగిపోయా.

పేట చీరలు, మహబూబ్‌నగర్:

అందరికీ థ్యాంక్స్. పదిహేను రోజులైంది, ఏం చేశానో రాస్తున్నా.

లింకు ఆ రోజే రీసెట్ చేశా. తెలియనివాళ్లని వెతికితే 71 నంబర్లు తేలాయి, తీసేశా. ఒకడి డీపీ ఆడపిల్ల ఫోటో, ఫోన్ చేస్తే మగ గొంతు. పాత లైవ్‌లు అన్నీ తీసేశా, కింద కామెంట్లు చూస్తుంటే నాకే సిగ్గేసింది. ఇప్పుడు లైవ్‌లో చీర నంబరు మాత్రమే రాయమంటున్నా, ఫోన్ నంబరు కామెంట్లో రాసినవాళ్లది వెంటనే తీసేయడానికి మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుంటున్నా. వాడికి లైవ్‌కి ఇరవై రూపాయలు జీతం.

గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టా, జరిగిందంతా చెప్పి తప్పు నాదే అన్నా, నేనెప్పుడూ ఈ ఒక్క నంబరు నుంచే మాట్లాడతా, ఇంకే నంబరు నుంచి పైసలడిగినా కట్టొద్దని చెప్పా. గిరాకీ పోతుందని భయపడుతూనే పెట్టా. 38 మంది వెళ్లిపోయారు. ఆ రాత్రి మెసేజీల అమ్మాయి కూడా వెళ్లిపోయింది, నేను ఫోన్ చేసినా ఎత్తలేదు, ఏం చేస్తాం.

ఛానల్ పెట్టా, ఇప్పటికి 212 మంది. టీచరమ్మ గారు చెప్పినట్టు అందులో సందడి లేదు. అందుకని పాత గ్రూపులో ఒక్కొక్కరినీ విడిగా అడిగా, మీ నంబరు మిగతావాళ్లకి కనపడటం ఇష్టమేనా అని. 90 మంది పర్వాలేదన్నారు, వాళ్లతో చిన్న గ్రూపు. మిగతావాళ్లకి ఛానలే. అమ్మకాలు తగ్గాయి, దాచను, సంక్రాంతికి ముందున్నంత లేదు. పండుగ అయిపోయింది కాబట్టో, దీనివల్లనో తెలియట్లేదు.

1930కి ఇద్దరూ ఫోన్ చేశారు, 2,400 పోయినామెది ఆపగలిగారట, ఇంకా చేతికి రాలేదు. 1,850 అప్పటికే వెళ్లిపోయింది.

ఎక్సెల్ అబ్బాయికి వద్దని చెప్పా. మళ్లీ ఫోన్ చేసి "మేడం, మీ పోటీవాళ్లు ఇస్తున్నారు" అన్నాడు. అంటే వాళ్ల గిరాకీల నంబర్లు అతని దగ్గర ఉన్నట్టే కదా, అది అతనే చెప్పేశాడు.

మగ్గం వీడియో కూడా తీశా. నేసే పెద్దమ్మ ముందు వద్దంది, తర్వాత మొహం రాకుండా చేతులు తీసుకోమంది. మా రీళ్లన్నిటిలో దానికే ఎక్కువ మెసేజీలు వచ్చాయి.

దేవరకొండ టీచరమ్మ:

బాగా చేశారు. ఆ ఆకుపచ్చ చీర ఇంకా ఉందా? ఎర్రంచుదేనా?

పేట చీరలు, మహబూబ్‌నగర్:

అది పోయింది టీచర్, అదే రంగు మళ్లీ మగ్గం మీద ఉంది, శనివారానికి వస్తుంది. మీ నంబరు పెట్టండి, ఫోటో పంపుతా.

పేట చీరలు, మహబూబ్‌నగర్:

అయ్యో, ఇక్కడ పెట్టకండి!